కట్టలు, కాలువలు, చలిజ్వరము



చరకసంహితలో విమానస్థానమను భాగమున మూడవ అధ్యాయమునకు జనపదోద్ధ్వంసనీయమని పేరు. ఊళ్ళకు ఊళ్ళు, నాడులకు నాడులు ఒక్కపెట్టున రోగమువాత బడి నశించుట యెట్లు సంభవించునను విషయము అందు విచారింపబడినది. పాంచాలదేశమునకు రాజధానియైన కాంపిల్యనగరము. వేసవి ముగియనున్న మాసము. గంగాతీరమందలి వనములో పునర్వసు ఆత్రేయుడు శిష్యులతో సంచరించుచు అగ్నివేశుని పిలిచి, నక్షత్రములును గాలియు దిక్కులును ప్రకృతి తప్పి కనబడుచున్నవనియు, ఇక కొలదికాలములో భూమి ఓషధులకు రసవీర్యములను సరిగా నీయజాలదనియు, కావున అవి చెడకమునుపే వానిని సేకరించి యుంచుకొనవలెననియు చెప్పెను. రోగము వచ్చిన పిమ్మట చేయవలసిన చికిత్సను చెప్పు గ్రంథములు అనేకములు గలవు. రాకమునుపే ఆకాశమువంకను నేలవంకను చూచి సిద్ధపడుమన్న ఈ మాట నాకు ఆ యధ్యాయములో మిక్కిలి రుచించినది.

అప్పుడు అగ్నివేశు డొక ప్రశ్న వేసెను. మనుష్యుల ప్రకృతులు వేరు, ఆహారములు వేరు, బలములు వేరు, వయస్సులు వేరు. ఇట్టి వారందరును ఒకే సమయమున, ఒకే రోగముచేత ఏల చచ్చుచున్నారు? దానికి గురువు చెప్పిన సమాధానమిది. తక్కినవన్నియు వేరైనను నలుగురకును ఉమ్మడియైనవి నాలుగు గలవు. గాలి, నీరు, నేల, కాలము. ఇవి చెడినప్పుడు జనపదము చెడును. గాలికంటె నీటిని, నీటికంటె నేలను, నేలకంటె కాలమును తప్పించుకొనుట కష్టతరము.

చెడిన నేలకు ఆ యధ్యాయమున చెప్పిన లక్షణములలో పాములు, మిడుతలు, ఈగలు, ఎలుకలతోపాటు దోమలును గలవు. ఈ పేరు చూచి, దోమవలన చలిజ్వరము వచ్చునని మన పూర్వులకు ముందే తెలియునని సభలలో చెప్పువారున్నారు. నేను ఆ పక్షమువాడను గాను. వారు దోమను లక్షణముగా చెప్పిరేగాని కారణముగా చెప్పలేదు. చెప్పనిదానిని చెప్పినట్లు పొగడుట పూర్వులకు గౌరవము గాదు. వారు చెప్పినది వేరొకటి గలదు, అది యింతకంటె గొప్పది: రోగమును రోగియొక్క నాడిలో మాత్రమే గాక వాని యూరి నీటిలోను, నేలలోను, ఋతువులోను వెదకవలెను. ఈ నీటిని, నేలను, ఋతువును మనుష్యుడే తన చేతితో చెరచినపుడు ఏమి జరిగెనో గత రెండువందల యేండ్ల చరిత్రనుండి కొన్ని ఘట్టములు చెప్పెదను. రోగములలో చలిజ్వరమునే, అనగా నేడు మలేరియా యని యందరును పిలుచుదానినే, తీసికొందును.

యమునానదికి పడమటివైపున ఒక పురాతనమైన కాలువ గలదు. 14వ శతాబ్దిలో ఫిరోజ్ షా తుగ్లకు త్రవ్వించినది. తరువాత పూడిపోగా, 19వ శతాబ్ది మొదటి పాదమున ఇంగ్లీషువారు బాగుచేసి మరల నీరు పారించిరి. ఆ కాలువ పలుచోట్ల పల్లపు నేలలగుండ పోవుచుండెను. పల్లములో పోవు కాలువకు గట్టు పోయక తప్పదు. గట్టు పోసినచో వానకాలమున పొలములనుండి దిగివచ్చు నీరు దానికి తగిలి నిలిచిపోవును. కాలువలోని నీరు ఊటయై ప్రక్క పొలములలోనికి దిగును. కర్నాలునొద్ద ఇంగ్లీషువారి పెద్ద దండు విడిసియుండెను. అందలి సిపాయిలును దొరలును ఏటేట జ్వరపడుచుండుటచే తుదకు 1843లో ఆ దండునే యెత్తి అంబాలాకు మార్చవలసి వచ్చెను.

ఆ దినములలోనే గంగానది కాలువకు ఏర్పాటులు జరుగుచుండెను. ఇంత పెద్ద కాలువ త్రవ్వినచో ఇంకెంత జ్వరము పుట్టునో యను భయము కలిగి, 1845లో బేకరు, డెంప్స్టరు, యూలు అను మువ్వురతో ఒక విచారణసంఘము నేర్పరచిరి. బేకరును యూలును ఇంజనీర్లు, డెంప్స్టరు వైద్యుడు. మార్కోపోలో యాత్రాగ్రంథమును ఇంగ్లీషున వ్యాఖ్యతో ప్రకటించి తరువాత పేరుపొందిన యూలు ఇతడే. అప్పటికి చలిజ్వరమునకు దోమ కారణమని ఎవరును నిరూపింపలేదు. చెడుగాలి జ్వరమును తెచ్చునని నమ్మకము. మలేరియా యను ఇటలీ మాటకు అర్థమే చెడుగాలి. మరి ఏ యూరిలో జ్వరమెక్కువ, ఏ యూరిలో తక్కువ యని కొలుచుట యెట్లు? డెంప్స్టరు ఒక చక్కని ఉపాయము పన్నెను. చలిజ్వరము పలుమారులు వచ్చినవారికి ఎడమడొక్కలో ప్లీహము పెరిగి గట్టిపడును. దీనినే మన పల్లెలలో కడుపులో బల్ల పెరిగినదందురు. వారు ఊరూర జనులను నిలువబెట్టి, డొక్క తడిమి, నూటికెందరికి బల్ల యున్నదో లెక్క వ్రాసిరి. ఊరి నేల యెట్టిదో, అందు నీరెక్కడ నిలుచుచున్నదో ఆ యూరి పిల్లల కడుపే చెప్పును. ఈ పద్ధతియే తరువాత నూరేండ్లు లోకమున చలిజ్వరమునకు కొలబద్ద యయ్యెను.

1847లో వారిచ్చిన నివేదికలోని ముఖ్యాంశమిది. కాలువ యున్నంతమాత్రమున జ్వరము లేదు. నేల జిగటయై, పారుదలకు అడ్డము గలిగినచోట జ్వరము మెండు. నీరు తనంతట దిగిపోవు నేలలలో కాలువ యున్నను జ్వరము కొంచెమే. కావున కాలువను పల్లములో గాక మెరకమీద నడుపవలెను, ప్రకృతిసిద్ధమైన వాగుదారులను మూయరాదు. దోమ సంగతి తెలియకయే దోమ పుట్టుచోటును పట్టుకొన్నారు! పూర్తిగా తెలిసినగాని ఏమియు చేయలేమని చేతులు ముడుచుకొని కూర్చుండువారికి ఈ మువ్వురి కథ చెప్పదగినది.

అయితే తెలిసిన సంగతి ఒకచోటనుండి వేరొకచోటికి ప్రయాణము చేయుట మన దేశమున మిక్కిలి ఆలస్యము. ఏడేండ్లు గడచినవో లేదో, 1854 ఆగస్టు 15న హౌరానుండి హుగ్లీకి రైలుబండి నడిచినది. మరుసటి సంవత్సరము బర్ద్వానుమీదుగా రాణీగంజి బొగ్గుగనులవరకు పోయినది. పడమటి వంగదేశము పళ్ళెమువలె చదునైన నేల. దామోదరనదికి వరద వచ్చినపుడు నీరు ఎర్రని ఒండ్రుతో పొలములమీద పరచుకొని, కొన్నాళ్ళకు తనదారిని తాను పోయెడిది. ఆ నీటితో వచ్చిన చేపపిల్లలు గుంటలలోని పురుగులను తిని బ్రతికెడివి. ఇట్టి నేలమీద వరదకు అందని యెత్తున రైలుకట్ట పోసిరి, నదికి గట్లు బిగించిరి, ఊరూరికి ఎత్తైన బాటలు వేసిరి. తూములు పెట్టిరిగాని చాలినన్ని పెట్టలేదు. పైగా, కట్టకు కావలసిన మన్ను ప్రక్కనే త్రవ్విరి. కట్ట వెంబడి కోసులకొలది గుంటలు, గుంటలనిండ వాననీరు.

1860 తరువాత హుగ్లీ, బర్ద్వాను జిల్లాలలో జ్వరము ప్రబలెను. ఊళ్ళు పాడుపడెను. బర్ద్వాను జ్వరమని ఆ రోగమునకు పేరే వచ్చెను. 1864లో ప్రభుత్వము నియమించిన విచారణసంఘములో దిగంబర మిత్ర యను వంగీయుడు సభ్యుడు. రైలుకట్టలును బాటలును నీటిదారులను మూసివేయుటయే యీ యుపద్రవమునకు మూలమని అతడు వాదించెను. ఆ వాదము అధికారులలో పెక్కుమందికి రుచింపలేదు. కోట్ల రూపాయలతో కట్టిన కట్టకు తప్పు అంటగట్టుటకంటె, పల్లెవాండ్ర చెరువులు మురికివనియు, వారి వెదురుపొదలు దట్టమనియు చెప్పుట సులభము గదా! రైలుకట్ట లేని చోట్లను జ్వరమున్నదనియు వారు చెప్పిరి. అందులో నిజము లేకపోలేదు. బర్ద్వాను జ్వరములో మలేరియాతోపాటు కాలా అజారను మరియొక రోగమును కలిసియుండెనని తరువాతి వైద్యులు తలచిరి. నేరమంతయు రైలుమీద మోపుట న్యాయము గాదు. కాని దిగంబర మిత్ర మాటను త్రోసివేయుటయు న్యాయము గాలేదు. ఇంచుమించు అరువదియేండ్ల పిమ్మట, వంగరాష్ట్ర ఆరోగ్యశాఖకు అధిపతియైన బెంట్లీ యను ఇంగ్లీషు వైద్యుడు 1925లో వంగదేశమున మలేరియాకును వ్యవసాయమునకును గల సంబంధమును గూర్చి ఒక గ్రంథము ప్రకటించి, వరదనీరు పారిన పొలములలో పంటయు మెండు, ఆరోగ్యమును మెండు. కట్టలవలన నీరు రాని పొలములలో పంటయు క్షీణించినది, జ్వరమును పెరిగినదని లెక్కలతో చూపెను. ఈజిప్టులో నైలునదిమీద పెద్ద ఆనకట్ట కట్టించిన విల్కాక్సు అను ఇంజనీరు 1928లో కలకత్తా విశ్వవిద్యాలయమున ఉపన్యసించుచు ఇంకను తీవ్రముగా అదే మాట చెప్పెను. ఆనకట్టలు కట్టినవాడే కట్టలను నిందించుట చూచి అప్పటివారు ఆశ్చర్యపడి యుందురు.

ఇక దోమ సంగతి. అది బయటపడినది మన తెలుగునేలమీదనే. 1880లో ఆల్జీరియాలో లావరాను అను ఫ్రెంచి వైద్యుడు చలిజ్వరపు రోగి రక్తములో సూక్ష్మజీవిని కనిపెట్టియుండెను. అది మనుష్యునినుండి మనుష్యునికి ఎట్లు పోవుచున్నదో తెలియదు. సికిందరాబాదులో సైనిక వైద్యుడుగా నుండిన రోనాల్డు రాసు, హుసేనుఖాను అను రోగిచేత దోమలను కుట్టించి, కుట్టిన దోమ యొక్కటికి ఒక అణా చొప్పున నిచ్చి, ఆ దోమలను దినక్రమమున కోసి చూచుచుండెను. 1897 ఆగస్టు 20న చుక్కలరెక్కల దోమ కడుపుగోడలో తాను వెదకుచున్న గుర్తు కనబడెను. మరుసటి యేడు కలకత్తాలో పక్షుల మలేరియామీద శోధించి, సూక్ష్మజీవి దోమ కడుపునుండి లాలాజలగ్రంథులకు చేరుట పూర్తిగా నిరూపించెను. 1902లో అతనికి నోబెలు బహుమానము వచ్చినది. మన్యపునీరు పడక జ్వరము వచ్చినదని మనవారు అనుచుండెడివారు. నీరు త్రాగుటవలన గాదు, ఆ నీటిలో పుట్టిన దోమ కుట్టుటవలననని తేలినది. మాటలో కొంచెము తప్పు, చూపులో తప్పు లేదు.

కారణము తెలిసినది గదా, ఇక నీటిదారులు సరిచేయుటయే తరువాయి యని మీరనుకొనవచ్చును. రాసును అట్లే యనుకొనెను. కాని 1902 మొదలు కొన్నేండ్లు లాహోరునొద్ద మియాన్ మీరు దండులో గుంటలు పూడ్చి, కాలువలు సవరించి, నీటిమీద నూనె చల్లి చేసిన ప్రయత్నము ఆశించిన ఫలము నీయలేదు. చాలినంత వ్యయము చేయకయే సాగించిరని రాసు నిష్ఠురముగా విమర్శించెను. ప్రభుత్వమునకు మాత్రము ఒక సాకు దొరికినది. పారుదల కాలువ త్రవ్వించుటకంటె కొయినా పంచుట చవుక. వంగదేశమున 1892 నుండియే తపాలా కచేరీలలో కానీకి ఒక కొయినా పొట్లము అమ్ముచుండిరి. కొయినా ప్రాణములు నిలిపినది, అందులకు సందేహము లేదు. అయితే అది రోగికి మందు, నేలకు మందు గాదు.

నేలను చెరచుటలో నీటిని నిలుపుట యొక విధము, అడవిని కొట్టుట మరియొక విధము. మలయాదేశమున 20వ శతాబ్ది మొదట రబ్బరుతోటలకై అడవులు నరకిరి. ఆ తోటలలో పనిచేయుటకు తమిళులతోపాటు మన తెలుగుజిల్లాలనుండియు వేలకొలది కూలీలు సముద్రము దాటి పోయిరి. క్లాంగు పట్టణమునందును, పోర్టు స్వెట్టెన్‌హామ్ రేవునందును 1901లో మాల్కము వాట్సను అను వైద్యుడు బురదనేలలనుండి నీరు తీయించి అడవిని తొలగించగా జ్వరము ఇట్టె తగ్గినది. ఇంకేమి, అడవి తీసినచో ఆరోగ్యమని యనుకొనిరి. కొండలలోని తోటలలో అదే పని చేయగా ఫలము తలక్రిందులైనది. పల్లపు బురదలలో పుట్టు దోమ నీడను కోరునది. కొండవాగులలో పుట్టు వేరొక దోమ ఎండ పడు తేటనీటిని కోరునది. అడవి యున్నంతకాలము చెట్లనీడ ఆ వాగులను కాపాడినది. నీడ పోయినతోడనే నిర్మలమైన ఆ సెలయేళ్ళే దోమలకు పురిటిళ్ళయ్యెను. క్రొత్తగా వచ్చిన కూలీలు వందలకొలదిగా రాలిపోయిరి. వాట్సను తుదకు ఆ వాగులను భూమిక్రింద గొట్టములలో నడిపించి జ్వరమును అదుపులోనికి తెచ్చెను. ఊరు విడిచిపోయి మరల రానివారిని గూర్చి మన యిండ్లలో నౌక మునిగెనో, పులి తినెనో యని చెప్పుకొని యుందురు. వారిలో ఎందరిని ఈ చిన్న దోమ పొట్టన బెట్టుకొన్నదో!

ఆత్రేయుడు నాలుగింటిలో కాలమును కడపట చెప్పి, దానిని తప్పించుకొనుట అన్నిటికంటె కష్టమనెను. రాయలసీమవారు నేటికిని ధాత కరువు అని చెప్పుకొందురు. ధాత నామ సంవత్సరము, అనగా 1876-77. ఆ యేడు నైరృతి వానలును పోయెను, ఈశాన్యపు వానలును పోయెను. కర్నూలు, బళ్ళారి, కడప, నెల్లూరు జిల్లాలు కాటకమువాత బడెను. 1871 లెక్కలకును 1881 లెక్కలకును నడుమ కర్నూలుజిల్లాలో జనసంఖ్య సుమారు నాలుగవ వంతు తగ్గెను. నలుగురిలో ఒకడు! వీరందరును ఆకలిచేతనే చచ్చిరని మనమనుకొందుము. పంజరములవంటి దేహములతో శిబిరములలో క్రిక్కిరిసినవారిని విషూచి తినివేసెను. ఆ పిమ్మట 1877 తుదిభాగమున వానలు కురిసినవి. పీడ విరగడయైనదని సంతోషించు సమయమున చలిజ్వరము విజృంభించెను. ఎండి బీటలువారిన నేలమీద వాన పడగా అడుగడుగున గుంట. దోమను తిను చేపగాని కప్పగాని కరువులో మిగులలేదు. పశువులు చచ్చుటచేత పశువులను కుట్టవలసిన దోమలు మనుష్యులమీదికి మరలినవని కొందరు శాస్త్రజ్ఞులు ఊహించిరి. కుట్టించుకొన్నవాని దేహములో రోగముతో పెనుగులాడుటకు పిడికెడు బలము లేదు. కరువుచావులలో గొప్పభాగము కరువు తీరిన తరువాతి జ్వరపుచావులేయని ఆ లెక్కలను పరిశీలించిన చరిత్రకారులు చెప్పుచున్నారు.

ఆ యేటి వానలు తప్పుటకు కారణము మనకు ఎన్నివేల మైళ్ళ దూరమున నుండెనో వినుడు. పసిఫిక్ మహాసముద్రపు తూర్పుభాగమున నీరు కొన్ని సంవత్సరముల కొకమారు అసాధారణముగ వేడెక్కును. క్రిస్మసునాటికి కనబడుటచేత పెరూదేశపు జాలరులు దానికి ఎల్ నినో, అనగా బాలయేసు, అని పేరు పెట్టిరి. 1877లో అది మిక్కిలి ప్రబలముగ వచ్చినది. పేరు బాలునిది, పని మారిది.

పంజాబులోను ఇదే క్రమము కనబడినది. 1908లో ధాన్యపుధరలు మండుచుండగా వానలు విపరీతముగ కురిసినవి. ఆ శరత్కాలమున చలిజ్వరము సుమారు 3 లక్షలమందిని పొట్టన బెట్టుకొన్నది. అమృతసరమున వారములతరబడి పనికి కూలివాడు దొరకలేదు, ఊరంతయు మంచముపట్టెను. క్రిస్టఫర్సు అను వైద్యుడు పంజాబు జిల్లాల పాతలెక్కలను వెదకి, జ్వరపు తీవ్రతకు వానయొక్కటే చాలదు, దానికి ముందు ధాన్యపు కరవు ఉండవలెనని 1911లో తేల్చెను. అతనివెనుక గిల్లు అను వైద్యుడు వాన, ధర, పిల్లల బల్లలెక్క అను వానిని కలిపి, 1921 మొదలు ఏటేట రాబోవు జ్వరమును ముందుగా చెప్పుట కారంభించెను. కాంపిల్యవనమందలి మాట ఇన్ని శతాబ్దములకు పంజాబు కచేరీలో ఆచరణకు వచ్చినదనిపించును.

వాన యెక్కువైనచోటనే జ్వరమని మాత్రము భ్రమపడరాదు. సింహళద్వీపపు నైరృతి భాగము నిత్యము వానలు పడు నేల. అచ్చటి నదులు ఎల్లప్పుడు వేగముగ పారుచుండుటచే దోమగ్రుడ్లు కొట్టుకొనిపోవును. 1934లో వానలు తప్పి నదులు ఎండి మడుగులుగా విడిపోయెను. ఆ మడుగులలో దోమలు పుట్టి, అంతకుముందు జ్వరము నెరుగని జనులమీద పడి, 1934-35లలో సుమారు 80 వేలమంది ప్రాణములు తీసెను. ఎండిన సీమకు వానయు, తడిసిన సీమకు ఎండయు జ్వరహేతువులైనవి. దేశమునకు అలవాటైన ఋతువు తప్పుటయే యిందు సామాన్యధర్మము.

స్వాతంత్ర్యము వచ్చునాటికి మన దేశమున ఏటేట 7 కోట్ల 50 లక్షలమంది చలిజ్వరమున బడుచు, 8 లక్షలమంది చచ్చుచుండిరని అంచనా. 1953లో ప్రభుత్వము డి.డి.టి. మందుతో దండయాత్ర సాగించెను. నా చిన్నతనమున మలేరియావారు భుజమున పంపు తగిలించుకొని వచ్చి గోడలమీద మందుకొట్టి, తలుపుప్రక్క తారీఖు వ్రాసిపోయెడివారు. పండుగకు అలికిన గోడ పాడైనదని మా నాయనమ్మ వెంటనే మరల పేడ అలికెడిది. 1965 నాటికి రోగుల సంఖ్య లక్షకు దిగినది. 1976లో మరల 64 లక్షలకు ఎగబ్రాకినది. దోమలు మందుకు అలవాటుపడెను, మనుష్యులు అలసత్వమునకు అలవాటుపడిరి. మందు గోడమీది దోమను చంపినదిగాని గుంటలోని నీటిని తీయలేదు. తరువాత మంచి మందులును దోమతెరలును వచ్చి, 2023లో నమోదైన రోగుల సంఖ్య సుమారు 2 లక్షల 27 వేలకు దిగినది. ఇది సామాన్యమైన విజయము గాదు.

కాని నీటిపని మిగిలియేయున్నది. కట్టలతప్పు తెల్లదొరలతోనే పోయినదనుకొనువారికి రాజస్థానపు సంగతి చెప్పవలెను. ఇందిరాగాంధీ కాలువ థారు ఎడారికి నీరు తెచ్చినది. ఇసుకనేలలో పంట పండినది, మిక్కిలి సంతోషము. నీటితోపాటు, అంతకుముందు అచ్చట అరుదైన కాలువదోమయు వచ్చి స్థిరపడెను. 1994లో ఎడారిలో అపూర్వముగ వానలు కురియగా జైసల్మేరు, బాడ్మేరు ప్రాంతములలో మలేరియా మహోపద్రవమయ్యెను. కర్నాలు నివేదికకు అప్పటికి 147 ఏండ్లు.

ఇప్పుడు మనుష్యుడు నీటిని, నేలను మాత్రమే గాక కాలమునే కదిలించినాడు. బొగ్గును చమురును కాల్చిన పొగవలన భూగోళపు సగటు వేడిమి 19వ శతాబ్దినాటికంటె ఒక డిగ్రీకి పైగా పెరిగినది. ఒక డిగ్రీ యనిన ఎంతయని నవ్వువారు దోమకడుపు లెక్క తెలిసికొనవలెను. మనుష్యరక్తముతో దోమకడుపు చేరిన సూక్ష్మజీవి అందు పెరిగి పరిపక్వమైనగాని రెండవవానికి రోగము నంటింపజాలదు. తీవ్రమైన జాతి మలేరియాకు 20 డిగ్రీల వేడిమిలో ఈ పరిపాకమునకు సుమారు నాలుగు వారములు పట్టును. దోమ అంతకాలము బ్రతుకుట అరుదు. 25 డిగ్రీలలో సుమారు 12 దినములే చాలును. కావున చల్లని కొండసీమలలో ఒకటి రెండు డిగ్రీలే జ్వరమున్న ఊరికిని లేని ఊరికిని సరిహద్దు. ఇథియోపియా, కొలంబియా దేశముల కొండలలో వేడియెక్కువైన సంవత్సరములందు మలేరియా ఎత్తైన యూళ్ళకు ప్రాకినదని 2014లో ప్రకటితమైన పరిశోధన చూపినది. డెంగీ జ్వరము నేపాళదేశమున 2004లో మొదటిసారి కనబడెను. 2022 నాటికి కాఠ్మండు నగరములోనే వేలకొలది రోగులు. వేడి మితిమీరినచో దోమయు చచ్చునను మాట నిజమే. మండు నేలలు కొన్ని దీనివలన బాగుపడవచ్చును గాని, మండు నేలలో మనుష్యుడు బాగుపడుట యెట్లు?

వేడెక్కిన గాలి నీటియావిరిని ఎక్కువగ మోయును. అందుచేత వాన పడినపుడు కుంభవృష్టి యగును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో పేటలకు పేటలు దినములతరబడి నీటిలో నుండుట మనము చూచితిమి. ఏరు ఇరుకైనచోట, అక్రమముగ ఇండ్లు లేచినచోట నీరు ఎటు పోవును?

దీనికి రెండేండ్లు ముందు, 2022లో, సింధురాష్ట్రమున జరిగినది ఇంతకంటె ఘోరము. అది చదునైన నేల, నూరేండ్లకు మించిన కాలువల నేల. కాలువగట్లు, బాటలు, వరదకట్టలు గళ్ళచీరవలె అల్లుకొనియున్నవి. ఆ యేటి వానలకు వచ్చిన నీరు ఆ గళ్ళలో చిక్కి, కొన్ని జిల్లాలలో నెలలతరబడి కదలలేదు. మంచరుసరస్సు కట్ట తనంతట తెగి పట్టణములు మునుగునను భయమున, సెప్టెంబరునెలలో అధికారులే ఆ కట్టకు గండి కొట్టించిరి. ప్రక్కనున్న పల్లెలు మునిగెను. జనులు రోడ్డుకట్టలమీద గుడారములు వేసికొని, ఇరుప్రక్కల నిలిచిన నీటినడుమ కాపురముండిరి. పాకిస్తానులో 2021లో సుమారు 5 లక్షలుగా నుండిన మలేరియా రోగుల సంఖ్య 2022లో 26 లక్షలయ్యెను.